డోటా పుట్టిన చోటు ఎందుకు ఖాళీ అయింది? కస్టమ్ మ్యాప్‌ల కథ

ఈ రోజు ఎపిసోడ్ గేమ్స్ గురించి. ఏ గేమ్ బాగుంది, ఏ ఫోన్‌లో ల్యాగ్ లేకుండా ఆడుతుంది అనే టాపిక్ కాదు, ఇది హిస్టరీ ఎపిసోడ్. మీ ఫోన్‌లో ఉన్న కొన్ని రకాల గేమ్స్ అసలు ఎక్కడ పుట్టాయి, ఆ పుట్టిన చోట ఇప్పుడు సందడి ఎందుకు తగ్గిపోయింది అన్నది చూద్దాం.

మీలో చాలామంది బీజీఎంఐ ఆడతారు. అది పబ్‌జీ నుంచి వచ్చింది. మరి పబ్‌జీ ఎక్కడి నుంచి వచ్చింది? ఐర్లాండ్‌కి చెందిన బ్రెండన్ గ్రీన్ అనే ఆయన, ఆర్మా 2 అనే మిలిటరీ గేమ్ మీద సొంతంగా కట్టుకున్న ఒక మాడ్ నుంచి మొదలైంది ఆ ప్రయాణం. అయిదుగురు ఒక పక్క, అయిదుగురు ఇంకో పక్క, మధ్యలో మూడు దారులు, చివర్లో కాపాడుకోవాల్సిన కోట ఉండే గేమ్స్ ఉన్నాయి కదా, మొబైల్ లెజెండ్స్ లాంటివి? వాటిని మోబా అంటారు. ఆ రకం ఆటకి రూపం వచ్చింది వార్‌క్రాఫ్ట్ 3 అనే స్ట్రాటజీ గేమ్ కోసం ప్లేయర్లు చేసుకున్న ఒక మ్యాప్‌లో. టవర్ డిఫెన్స్ బాగా పెరిగిందీ ఆ మ్యాప్‌ల లోకంలోనే. ఆటో చెస్ కూడా ఒక కస్టమ్ గేమే.

అంటే కంపెనీలో జీతం తీసుకునే డిజైనర్లు కాదు, ఇంట్లో కూర్చుని ఆడుకునే కుర్రాళ్లు కనిపెట్టిన ఆటలు ఇవి. మరి అంత పంట పండిన పొలంలో ఇప్పుడు ఎందుకు సందడి లేదు? అప్పట్లో ఆడినవాళ్లని అడిగితే "ఇప్పుడు ఆ మజా లేదు" అంటారు. అది వయసు మీద పడి అనే మాటేనా, లేక నిజంగా ఏదైనా మారిందా? ఈ రోజు ప్రశ్న ఇదే.

అసలు కస్టమ్ మ్యాప్ అంటే ఏంటి?

తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. స్ట్రాటజీ గేమ్ అంటే మనం పైనుంచి చూస్తూ బంగారం, కలప లాంటివి పోగేసి, బిల్డింగులు కట్టి, సైన్యం తయారు చేసి, అవతలివాణ్ణి ఓడించే ఆట. కొన్ని కంపెనీలు గేమ్‌తో పాటు ఒక ఎడిటర్ కూడా ఇచ్చేవి. ఆ ఎడిటర్‌తో మనమే కొత్త మ్యాప్ గీసుకోవచ్చు. కొండలు, నదులు మార్చడమే కాదు, ఆట రూల్స్ కూడా మార్చేయొచ్చు.

మన గల్లీ క్రికెట్ గుర్తు తెచ్చుకోండి. బ్యాట్ అదే, బంతి అదే. కానీ గోడ అవతల పడితే అవుట్, ఒన్ టిప్ ఒన్ హ్యాండ్, ఆంటీ గారి కిటికీకి తగిలితే మ్యాచ్ క్యాన్సిల్. సందు ఎంత వెడల్పు ఉంటే దానికి తగ్గ రూల్స్. కస్టమ్ మ్యాప్ కూడా సరిగ్గా ఇలాంటిదే. కంపెనీ ఇచ్చిన బొమ్మలతో మన సందుకి సరిపోయే ఆట ఆడుకోవడం.

1998: స్టార్‌క్రాఫ్ట్

1998 మార్చి 31న అమెరికాలో బ్లిజార్డ్ అనే కంపెనీ స్టార్‌క్రాఫ్ట్ రిలీజ్ చేసింది. దాంతో పాటు ఎడిటర్ ఇచ్చింది. ఆన్‌లైన్‌లో ఆడటానికి బ్యాటిల్.నెట్ అనే సర్వీసు కూడా ఉచితంగా ఇచ్చింది. ఈ రెండూ కలిసి ఉండటం చాలా ముఖ్యం, తర్వాత మళ్లీ ఇక్కడికే వస్తాం.

మొదట్లో జనం చేసిన మ్యాప్‌లు సింపుల్‌గా ఉండేవి. వనరులు వెతుక్కునే పని లేకుండా, ఎంత తవ్వినా తరగనంత ఖనిజం కుప్పలు పోసిన మ్యాప్‌లు. వాటిని మనీ మ్యాప్స్ అనేవారు. బిగ్ గేమ్ హంటర్స్ అందులో చాలా ఫేమస్. ఆ తర్వాత ఎడిటర్‌లోని ట్రిగ్గర్స్‌తో ఆడుకోవడం మొదలైంది. ట్రిగ్గర్ అంటే "ఇది జరిగితే అది చెయ్యి" అనే చిన్న ఆజ్ఞ. "ఈ చోటికి సైనికుడు వస్తే బాంబు పేలాలి" లాంటిది. దాంతో పిల్లీ ఎలుకా ఆటలు వచ్చాయి, అడ్డంకులు తప్పించుకుంటూ దాటే ఆటలు వచ్చాయి, ఒకచోట నిలబడి వచ్చే గుంపుని ఆపే డిఫెన్స్ ఆటలు వచ్చాయి.

అందులో ఒకటి ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్. దారుల్లో కంప్యూటర్ నడిపే సైన్యాలు వస్తూనే ఉంటాయి, మనకి మాత్రం ఒక్క బలమైన యూనిట్ ఉంటుంది, దాన్ని పెంచుకుంటూ పోవాలి. సైన్యం మొత్తం నడిపే స్ట్రాటజీ గేమ్‌లో, "నువ్వు ఒక్కణ్ణే నడుపు" అనడం కొత్త ఆలోచన. మోబా విత్తనం అదే.

2002: వార్‌క్రాఫ్ట్ 3, వరల్డ్ ఎడిటర్

2002 జులైలో వార్‌క్రాఫ్ట్ 3 వచ్చింది, ఏడాదికి ఫ్రోజెన్ థ్రోన్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ఈ గేమ్‌లో హీరోలు ముందే ఉన్నారు. హీరోకి లెవెల్స్ ఉంటాయి, స్కిల్స్ ఉంటాయి, సంచీలో పెట్టుకునే వస్తువులు ఉంటాయి. దీని ఎడిటర్ పేరు వరల్డ్ ఎడిటర్. ట్రిగ్గర్‌లో మూడు భాగాలు: ఏం జరిగింది, ఏ షరతు ఉంది, ఏం చెయ్యాలి. ఒక లైన్ కోడ్ రాయకుండా మౌస్‌తోనే ఇదంతా పేర్చొచ్చు. ఇంకా లోతుకి వెళ్లాలంటే జాస్ అనే స్క్రిప్టింగ్ భాష ఉంది. కోడింగ్ అంటే ఏంటో తెలియకుండానే కోడింగ్ నేర్పే బడి అది.

ఆ బడిలో ఏమేం తయారయ్యాయో చూడండి. షీప్ ట్యాగ్‌లో కొందరు గొర్రెలు, కొందరు తోడేళ్లు. గొర్రెలు అడ్డు కట్టుకుంటూ పారిపోవాలి. ఉథర్ పార్టీలో వరసగా చిన్న చిన్న ఆటలు. ఫుట్‌మన్ ఫ్రెంజీలో ఆగని సైనికుల ప్రవాహం. ఐలాండ్ ట్రోల్ ట్రైబ్స్‌లో దీవి మీద ఆకలికి, చలికి తట్టుకుని బతకాలి. ఎలిమెంట్ టీడీ లాంటి టవర్ డిఫెన్స్‌లు లెక్కలేనన్ని. 2009లో వచ్చిన ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ చేసిన జార్జ్ ఫ్యాన్‌కి కూడా ఈ వార్‌క్రాఫ్ట్ టవర్ డిఫెన్స్ మ్యాప్‌లే ప్రేరణల్లో ఒకటి.

ఇక్కడే 2003లో యూల్ అనే పేరుతో ఒక మ్యాప్ మేకర్, ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్ ఐడియాని తీసుకుని డిఫెన్స్ ఆఫ్ ది ఏన్షియంట్స్ అనే మ్యాప్ చేశాడు. పొట్టిగా డోటా. ఆయన పక్కకి తప్పుకున్నాక చాలామంది తలా ఒక డోటా చేశారు. వాటిలో మంచి హీరోలని ఏరి ఒకచోట చేర్చి డోటా ఆల్‌స్టార్స్ తయారు చేశారు. దాన్ని స్టీవ్ ఫీక్, ఆటలో పేరు గిన్సూ, పెంచి పెద్ద చేశాడు. డోటాలో రోషన్ అనే పెద్ద రాక్షసుడు ఉంటాడు. మనకి ఆ పేరు వింటే హృతిక్ రోషన్ గుర్తొస్తాడు గానీ, అది గిన్సూ బౌలింగ్ బాల్‌కి పెట్టుకున్న పేరు! 2005 నుంచి ఐస్‌ఫ్రాగ్ అనే మారుపేరున్న వ్యక్తి దాన్ని చూసుకున్నాడు.

ఒకసారి గమనించండి. ఏయాన్ 64 అనే ఆయన ఐడియా, యూల్ చేతికి వచ్చింది, అక్కడి నుంచి పదిమంది చేతుల్లో తిరిగింది, గిన్సూ దగ్గరికి, తర్వాత ఐస్‌ఫ్రాగ్ దగ్గరికి వెళ్లింది. ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. మ్యాప్‌ని అమ్ముకోవడానికి లైసెన్స్ ఒప్పుకోదు కూడా. ఒకరి పని మీద ఇంకొకరు కట్టుకుంటూ పోయారు, అంతే.

లాబీ ఎలా ఉండేది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ రోజుల్లో ఆట ఎలా మొదలయ్యేదో తెలిస్తేనే తర్వాత ఏం పోయిందో అర్థమవుతుంది.

బ్యాటిల్.నెట్‌లో కస్టమ్ గేమ్ నొక్కితే ఒక లిస్ట్ వచ్చేది. ఆ నిమిషంలో ఎవరెవరు గేమ్ తెరిచి మనుషుల కోసం చూస్తున్నారో ఆ లిస్ట్. గేమ్ పేరు హోస్ట్ చేసినవాడే టైప్ చేస్తాడు. "కొత్త మ్యాప్, రండి", "నూబ్స్ వద్దు", ఇలా ఏదైనా. మీరు ఒకదాని మీద నొక్కితే, మీ దగ్గర ఆ మ్యాప్ లేకపోతే హోస్ట్ కంప్యూటర్ నుంచే డౌన్‌లోడ్ అయ్యేది. సైజు లిమిట్ మొదట్లో 4 ఎంబీ, తర్వాత 8 ఎంబీ. ఇప్పుడు ఒక వాట్సాప్ వీడియో అంతకంటే పెద్దది. అయినా ఆ రోజుల నెట్‌కి అదే ఎక్కువ. డౌన్‌లోడ్ నెమ్మదిగా నడుస్తుంటే మిగతావాళ్లు చాట్‌లో తిట్టేవాళ్లు, ఒక్కోసారి హోస్ట్ కిక్ చేసేవాడు.

వినడానికి చిరాగ్గా ఉంది కదా? నిజంగా చిరాకే. కానీ అందులో ఒక గొప్ప గుణం ఉంది. నిన్న రాత్రి పూర్తి చేసిన మ్యాప్, రెండేళ్లుగా నడుస్తున్న మ్యాప్, రెండూ ఆ లిస్ట్‌లో పక్కపక్కనే కనిపించేవి. రేటింగ్ లేదు, వ్యూస్ లేవు, ట్రెండింగ్ లేదు. పేరు చూసి "ఇదేంటో చూద్దాం" అని దూరడమే. లోపలికి వెళ్లాక అక్కడున్న పది మందిలో ఎనిమిది మందికి కూడా రూల్స్ తెలియవు. అందరూ కలిసి తెలుసుకుంటూ, ఓడిపోతూ, నవ్వుకుంటూ ఆడేవాళ్లు. ఆట పూర్తయ్యేసరికి ఆ మ్యాప్ మీ కంప్యూటర్‌లో ఉంటుంది. రేపు మీరే హోస్ట్ చెయ్యొచ్చు. తాళం వెయ్యని మ్యాప్ అయితే ఎడిటర్‌లో తెరిచి, ఎలా చేశారో చూసి, మార్చి, మీ పేరుతో ఇంకోటి వదలొచ్చు.

ఇందులో మెజారిటీ మ్యాప్‌లు చెత్తే. ఒప్పుకోవాలి. బగ్స్, కాపీలు, మధ్యలో ఆగిపోయేవి. అయినా జనం ఆడారు. ఎందుకంటే తర్వాతి క్లిక్‌లో ఏం వస్తుందో తెలియదు.

తగ్గడం ఎక్కడ మొదలైంది

మొదటి దెబ్బ బయటి నుంచి రాలేదు. ఆ లోకంలో పుట్టిన పెద్ద బిడ్డ నుంచే వచ్చింది. డోటా ఎంత హిట్ అయిందంటే, లిస్ట్ తెరిస్తే వరసగా డోటా, డోటా, డోటా. మిగతా మ్యాప్‌లు ఆ వరసల మధ్య వెతుక్కోవాల్సి వచ్చేది.

పైగా డోటా నేర్చుకోవడం కష్టం. ఒక ఆట ముప్పావు గంట, గంట పడుతుంది. ఒక్కడు మధ్యలో వెళ్లిపోతే మిగతా తొమ్మిది మంది టైమ్ వేస్ట్. కంపెనీ దీనికి ర్యాంకింగ్ గానీ, వెళ్లిపోయినవాళ్లకి శిక్ష గానీ పెట్టలేదు, ఎందుకంటే అది వాళ్ల గేమ్ కాదు. కాబట్టి ప్లేయర్లే బ్యాన్ లిస్టులు తయారు చేసుకున్నారు. హోస్టింగ్‌కి బాట్స్ వచ్చాయి. బాట్ ఇరవై నాలుగు గంటలూ అదే మ్యాప్ తెరిచి కూర్చుంటుంది. మనిషికి బోర్ కొట్టి "ఈసారి వేరేది ట్రై చేద్దాం" అనిపిస్తుంది, బాట్‌కి అనిపించదు. అలా కొత్తవాడికి తలుపు మూసుకుపోయింది, కొత్త మ్యాప్‌కి కూడా.

ఇంకోటి, మ్యాప్‌లకి తాళాలు పెరిగాయి. పేరు కొట్టేస్తున్నారని, చీటింగ్ కోడ్స్ పెట్టేస్తున్నారని మేకర్లు తమ మ్యాప్ ఎడిటర్‌లో తెరుచుకోకుండా ప్రొటెక్ట్ చేయడం మామూలైంది. వాళ్ల బాధ న్యాయమే. కానీ తెరిచి చూసి నేర్చుకునే దారి సన్నబడింది.

మన దగ్గర కూడా ఈ డోటా కాలం బాగా నడిచింది. ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ల్యాన్ కేబుల్ మీద రాత్రంతా డోటా, కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం ఉంది. మీ ఇంట్లో ముప్పై అయిదు దాటిన అన్నయ్యో బాబాయో ఉంటే ఒకసారి అడిగి చూడండి, కళ్లు మెరుస్తాయి.

బంగారం దొరికిందని తెలిశాక

డోటా ఆడేవాళ్ల సంఖ్య చూసి కంపెనీలకి విషయం అర్థమైంది. గిన్సూ కొత్తగా పెట్టిన రయట్ గేమ్స్‌లో చేరాడు. 2009 అక్టోబర్‌లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ వచ్చింది. అదే సంవత్సరం వాల్వ్ అనే కంపెనీ ఐస్‌ఫ్రాగ్‌ని తీసుకుంది, తర్వాత యూల్ కూడా అక్కడే చేరాడు. 2011 ఆగస్టులో జర్మనీలోని కొలోన్‌లో వాల్వ్ డోటా 2 టోర్నమెంట్ పెట్టింది. గెలిచిన టీమ్‌కి 10 లక్షల డాలర్లు. అప్పటికి గేమ్ పూర్తిగా రిలీజ్ కూడా కాలేదు. అది జరిగింది 2013లో.

మరి మొదటి ఎడిటర్ ఇచ్చిన బ్లిజార్డ్? వాళ్లు డోటా అనే పేరు మీద వాల్వ్‌తో గొడవకి దిగారు. 2012లో రాజీ అయ్యింది. పేరు వాల్వ్‌కి పోయింది. బ్లిజార్డ్ తన సొంత మోబాకి పేరు మార్చుకుని, చివరికి 2015లో హీరోస్ ఆఫ్ ది స్టార్మ్ అని వదిలింది. అప్పటికే మార్కెట్ ఇద్దరి చేతుల్లోకి వెళ్లిపోయింది.

కోర్టులో ఇంకో ఇంట్రెస్టింగ్ కేసు నడిచింది. హీరోస్ చార్జ్ అనే మొబైల్ గేమ్ చేసిన యూకూల్ మీద, బ్లిజార్డ్, వాల్వ్ కలిసి కాపీరైట్ కేసు వేశాయి. యూకూల్ వాదన ఏంటంటే, 2004లో యూల్ స్వయంగా డోటా ఇక ఓపెన్ సోర్స్, ఎవరైనా తమ వెర్షన్ చేసుకోవచ్చు అని రాశాడు, కాబట్టి దాని మీద మీకు హక్కు ఎక్కడిది అని. 2017లో కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి చార్లెస్ బ్రేయర్ దీన్ని అక్కడికక్కడ కొట్టేయలేదు, జ్యూరీ తేల్చాల్సిన ప్రశ్నలు ఉన్నాయన్నారు. సరదాగా రాసుకున్న నాలుగు లైన్లు పదమూడేళ్ల తర్వాత ఫెడరల్ కోర్టులో సాక్ష్యం అయ్యాయి. గల్లీ క్రికెట్ రూల్‌కి ఓనర్ ఎవరు అని కోర్టు అడగాల్సి వచ్చినట్టే.

ఇక్కడి నుంచి మ్యాప్ మేకర్ల ఆలోచన కూడా మారడం సహజం. మంచి ఐడియా ఉంటే ఇంకొకరి గేమ్‌లో ఫ్రీగా ఎందుకు పెట్టాలి? సొంత గేమే చేద్దాం. లీజియన్ టీడీ అనే వార్‌క్రాఫ్ట్ మ్యాప్ చేసినవాళ్లు లీజియన్ టీడీ 2ని సొంత గేమ్‌గా అమ్మారు. వాళ్లకి మంచిదే. ఆ కష్టానికి డబ్బు రావాల్సిందే. కానీ పాత లాబీ నుంచి ఒక్కో మంచి వంటవాడు వెళ్లి సొంత హోటల్ పెట్టుకుంటే, లాబీలో పెద్ద వంట తగ్గిపోతుంది కదా.

2010: టూల్ పెరిగింది, మజా తగ్గింది

ఇప్పుడు నా దృష్టిలో అసలైన మలుపు. 2010 జులైలో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చింది. ఎడిటర్ పాతదానికంటే ఎన్నో రెట్లు శక్తివంతమైనది. దానితో షూటింగ్ గేమ్ కూడా చెయ్యొచ్చు. మరి కస్టమ్ మ్యాప్‌లకి స్వర్ణయుగం రావాలి కదా? రాలేదు.

రెండు కారణాలు. మొదటిది, ఎడిటర్ బాగా క్లిష్టమైంది. పాత ఎడిటర్‌లో ఒక సాయంత్రంలో ఏదో ఒకటి ఆడించగలిగేవాడు, కొత్తదానిలో డేటా టేబుల్స్ మధ్య వారాలు తిరగాల్సి వచ్చేది.

రెండోది ఇంకా పెద్దది. లిస్ట్ మారిపోయింది. మ్యాప్ కంపెనీ సర్వర్‌కి అప్‌లోడ్ చెయ్యాలి. ప్లేయర్‌కి కనిపించే లిస్ట్ పాపులారిటీ వరసలో ఉంటుంది. ఎక్కువమంది ఆడేది పైన, కొత్తది అడుగున. పాతరోజుల్లోలా ఒకడు తన పేరుతో గేమ్ తెరిచి, "రండి" అని పిలిచే పద్ధతి మొదట్లో లేదు.

దీని ఫలితం మీకు చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నారు. ఒక లక్ష వ్యూస్ ఉన్న వీడియో, ఏడు వ్యూస్ ఉన్న వీడియో పక్కపక్కన ఉంటే ఏది నొక్కుతారు? పైనున్న మ్యాప్ పైనే ఉంది కాబట్టి జనం ఆడతారు, జనం ఆడతారు కాబట్టి పైనే ఉంటుంది. కొత్తగా చేసినవాడు లాబీ తెరిచి కూర్చుంటే ఎవరూ రారు. నాలుగుసార్లు అలా కూర్చున్నాక అయిదోసారి మ్యాప్ చెయ్యడు. మేకర్లు గట్టిగానే మొత్తుకున్నారు. 2012లో ఆర్కేడ్ పేరుతో కంపెనీ దీన్ని సరిదిద్దింది, బాగా మెరుగైంది కూడా. కానీ ఆ రెండేళ్లలో జనం లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి, డోటా 2కి వెళ్లిపోయారు.

2020: రీఫోర్జ్డ్

వార్‌క్రాఫ్ట్ 3 పాతవాళ్లు మాత్రం పాత గేమ్‌లోనే ఉండిపోయారు. 2020 జనవరి 28న బ్లిజార్డ్ దాన్ని కొత్త గ్రాఫిక్స్‌తో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్డ్ అని వదిలింది. ర్యాంకింగ్ ల్యాడర్, క్లాన్స్ లాంటి పాత సదుపాయాలు రిలీజ్‌లో లేవు. పాత గేమ్ కొనుక్కున్నవాళ్లు కూడా బ్యాటిల్.నెట్‌లో ఆడాలంటే కొత్త క్లయింటే వాడాలి. కోపం ఎంత వచ్చిందంటే, కంపెనీ రీఫండ్స్ ఇవ్వాల్సి వచ్చింది.

అన్నిటికంటే మ్యాప్ మేకర్లని కదిలించింది కొత్త రూల్. మీరు చేసే ప్రతి కస్టమ్ గేమ్ పూర్తిగా బ్లిజార్డ్ ఆస్తి. రచయితగా మీకు సహజంగా ఉండే నైతిక హక్కులు కూడా వదులుకోవాలి. ఇంకో డోటా పుడితే ఈసారి చెయ్యి జారనివ్వకూడదు అన్న జాగ్రత్త అది, వేరే అర్థం కనపడదు. కంపెనీ వైపు నుంచి చూస్తే, తమ ఎడిటర్‌లో పుట్టిన ఆటతో పక్క కంపెనీలు వేల కోట్లు సంపాదించాయి. బాధ ఉంటుంది. కానీ ఫలితం ఏంటి? తర్వాతి డోటా ఐడియా ఉన్న కుర్రాడు ఆ రూల్ చదివి, ఎడిటర్ మూసేసి, యూనిటీయో గోడోనో డౌన్‌లోడ్ చేసుకుంటాడు. ఇల్లు దొంగ పడకుండా గోడ కట్టుకుంటే, చుట్టాలు కూడా రావడం మానేశారు.

ఇది పాత జ్ఞాపకాల గోలేనా?

కామెంట్స్‌లో ఒకరు తప్పకుండా అడుగుతారు. "అన్నా, చిన్నప్పుడు ఏది ఆడినా బాగుంటుంది, వయసు వస్తే మజా పోతుంది, ఇంతే కదా?" కొంత నిజం ఉంది. ఉద్యోగం, పిల్లలు వచ్చాక పదిహేను నిమిషాలు లాబీలో మనుషుల కోసం ఎదురు చూసే ఓపిక ఉండదు. పైగా అప్పట్లో మ్యాప్‌లో దొరికిన ఆట ఇప్పుడు ఫోన్‌లో, ఫ్రీగా, మెరుగ్గా దొరుకుతోంది. నొక్కితే పది సెకన్లలో మ్యాచ్. అలాంటప్పుడు ముతక మ్యాప్ ఎవరికి కావాలి?

కానీ ఒక్క ఉదాహరణ ఈ వాదనని ఆపుతుంది. 2015లో వాల్వ్ డోటా 2లో కస్టమ్ గేమ్స్‌కి చోటు ఇచ్చింది. 2019 జనవరిలో చైనాకి చెందిన డ్రోడో అనే చిన్న టీమ్ అక్కడ డోటా ఆటో చెస్ పెట్టింది. కొన్ని నెలల్లో లక్షల మంది ఆడారు. అదే ఏడాది జూన్‌కల్లా వాల్వ్ సొంతంగా అండర్‌లార్డ్స్ తెచ్చింది, రయట్ టీమ్‌ఫైట్ ట్యాక్టిక్స్ తెచ్చింది, డ్రోడో తన మొబైల్ గేమ్ తాను చేసుకుంది. తయారుచేసే చెయ్యి ఎండిపోలేదు, ఆడే మనసూ ఎండిపోలేదు. చోటు దొరికిన చోట మొలకెత్తింది. అయితే ఈసారి పూవు పూసిన ఆరు నెలల్లోనే కంపెనీలు వచ్చి కోసుకెళ్లాయి. డోటాకి అదే పని జరగడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలోనే పదిమంది చేతులు తిరిగి అది డోటా అయింది.

అందుకే నేను చెప్పేది ఇది. కస్టమ్ మ్యాప్‌ల మజా తగ్గడానికి టాలెంట్ లేకపోవడం కారణం కాదు, టూల్స్ బాగోలేకపోవడం కాదు. ముక్కూ మొహం తెలియని కొత్త మ్యాప్‌కి కూడా ఒక గంట పదిమంది దొరికే చోటు పోయింది. తెరిచి చూసి నేర్చుకునే తలుపు మూసుకుపోయింది. చేసినవాడిదే అన్న భరోసా పోయింది.

మన సంగతి

ఒకప్పుడు అమ్ముకోవడానికి కూడా వీల్లేని మ్యాప్, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డోటా 2గా మెడల్ ఈవెంట్ అయింది. అంతకు ముందు ఏడాది బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈస్పోర్ట్స్ ఛాంపియన్‌షిప్‌లో మన ఇండియా టీమ్ డోటా 2లో బ్రాంజ్ కొట్టింది. ఒక మ్యాప్ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇది చాలు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఎడిటర్లు ఉన్నాయి. బీజీఎంఐలో వరల్డ్ ఆఫ్ వండర్ ఉంది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో క్రాఫ్ట్‌ల్యాండ్ ఉంది, రోబ్లాక్స్ అయితే మొత్తం అదే. వాడండి, తప్పకుండా వాడండి. వరల్డ్ ఎడిటర్ ఒక తరానికి నేర్పినట్టు ఇవీ నేర్పుతాయి. కానీ మూడు ప్రశ్నలు మాత్రం అడగండి. నేను చేసింది ఎవరిది అని టర్మ్స్‌లో ఏం రాశారు? ఈ రోజు చేసిన మ్యాప్ రేపు ఎవరికైనా కనిపిస్తుందా, లేక టాప్ పది మ్యాప్‌లే ఎప్పుడూ కనిపిస్తాయా? కంపెనీ సర్వర్ ఆపేస్తే నా మ్యాప్ నా దగ్గర ఉంటుందా? గేమ్స్ బ్యాన్ అయితే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. 2020 జూన్‌లో మొబైల్ లెజెండ్స్, సెప్టెంబర్‌లో పబ్‌జీ ఒక్క ఆర్డర్‌తో పోయాయి కదా.

ఇక ఆడేవాళ్లుగా మన పని ఒకటి ఉంది. వారానికి ఒక్కసారి లిస్ట్ అడుగుకి స్క్రోల్ చేసి, ఎవరూ ఆడని ఒక మ్యాప్ తెరవండి. ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలవండి. బాగోకపోతే పది నిమిషాలు పోతాయి. బాగుంటే, దాన్ని చేసిన కుర్రాడికి మొదటిసారి లాబీ నిండుతుంది. వాడు రెండోది చేస్తాడు.

మీరు ఏదైనా మ్యాప్ చేసి ఉంటే దాని కోడ్ కామెంట్స్‌లో పెట్టండి, చూసినవాళ్లు ఆడి ఎలా ఉందో చెప్పండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.